పోలండ్ పిండివంటలు ఫవోర్కి, పొంచ్కి: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలండ్‌లోని వ్రోత్స్వఫ్ నగరంలో కాపురం పెట్టిన తొలి ఏడాదే, పై అంతస్తులో ఉండే పెద్దావిడ నన్ను తన వంటింటి బల్ల దగ్గర నిలబెట్టి ఫవోర్కి చేయించారు. అప్పటి నుంచి ప్రతి జనవరిలోనూ, ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల నుంచీ, హైదరాబాదులో, షికాగోలో ఉన్న బంధువుల నుంచీ అవే సందేహాలు వస్తున్నాయి. వాటిని అడిగిన మాటల్లోనే ఉంచి, ఒక్కో జవాబును విడిగా చదువుకున్నా సరిపోయేలా ఇక్కడ రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఫవోర్కి, హ్రుశ్చీకి, పొంచ్కి అంటున్నారు. ఇవన్నీ ఒకటేనా?

కావు. ఫవోర్కి అనేవి పలచగా ఒత్తిన పిండిని రిబ్బను ముక్కల్లా కోసి, మెలితిప్పి, కరకరలాడేలా వేయించి, పంచదార పొడి చల్లినవి. రిబ్బను అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది. దక్షిణాన క్రాకుఫ్ వైపు వీటినే హ్రుస్ట్ అంటారు. ఎండుపుల్లలు అని దాని అర్థం, కొరికితే వచ్చే చప్పుడు కూడా అలాగే ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన పోలిష్ కుటుంబాలు ఎక్కువగా వాడే హ్రుశ్చీకి అనే పేరు కూడా ఆ మాట నుంచి పుట్టినదే. పొంచ్కి పూర్తిగా వేరు: ఈస్టుతో పొంగించిన మెత్తని పిండి ఉండలో గులాబీ జామో ప్లమ్ పళ్ల గుజ్జో పెట్టి వేయిస్తారు. ఒక్కటైతే పొంచెక్, ఎక్కువైతే పొంచ్కి. ఆ మాటకు చిన్న మొగ్గ అని అర్థం.

ఇవి క్రిస్మస్‌కు చేసేవా, ఇంకేదైనా పండుగకా?

పోలండ్‌లో వీటి అసలు కాలం జనవరి 6 తర్వాత మొదలై, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస దీక్షతో ముగిసే కార్నివాల్. వెనకటి రోజుల్లో దీక్షలో కొవ్వుకూ తీపికీ దూరంగా ఉండేవారు కనుక, ఇంట్లో ఉన్న కొవ్వు, గుడ్లు, పంచదార అంతకు ముందే ఖర్చుపెట్టే అలవాటు నుంచి ఈ వంటకాలు పండుగవంటలయ్యాయి. ఆ దీక్ష మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు వచ్చే గురువారాన్ని త్వుస్తి చ్ఫార్తెక్, అంటే కొవ్వు గురువారం అంటారు. ఈస్టరుతో పాటు ఈ తేదీ కూడా మారుతుంది: 2026లో ఫిబ్రవరి 12, 2027లో ఫిబ్రవరి 4, 2028లో ఫిబ్రవరి 24. ఆ రోజు ఒక్క పొంచెక్ అయినా తినకపోతే ఏడాదంతా అదృష్టం ఉండదని ఇక్కడి నమ్మకం. ఉదయం ఏడింటికే మిఠాయి దుకాణాల ముందు వరుసలు కనిపిస్తాయి. 1869లో మొదలైన వార్సాలోని బ్లిక్లె దుకాణం గులాబీ జామ్ పొంచ్కికి పేరుపొందింది.

అమెరికాలోని పోలిష్ కుటుంబాల్లో లెక్క కొంత వేరు. అక్కడ హ్రుశ్చీకి క్రిస్మస్ బల్ల మీదా, పెళ్లిళ్లలోనూ కనిపిస్తాయి. డెట్రాయిట్‌ను ఆనుకున్న హామ్‌ట్రామిక్‌లో పొంచ్కి పండుగ గురువారం కాక, భస్మ బుధవారానికి ముందు రోజైన మంగళవారం జరుగుతుంది. అందుకే షికాగో బంధువులు ఒక తేదీ చెబితే, వార్సా స్నేహితులు మరొకటి చెబుతారు. ఇద్దరి మాటా నిజమే.

మొదటిసారి చేసేవారు దేనితో మొదలుపెట్టాలి?

ఫవోర్కితో మొదలుపెట్టండి. ఈస్టు లేదు, పొంగుతుందో లేదో అన్న బెంగ లేదు, పూరీలు ఒత్తిన చేతికి పిండి వెంటనే లొంగుతుంది. పొంచ్కి రుచి ఎక్కువమందికి నచ్చుతుంది కానీ, పిండి పొంగడం, నూనె వేడి, ముక్క పరిమాణం అనే మూడూ ఒకేసారి కుదిరితేనే అవి సరిగ్గా వస్తాయి.

## సరుకులు

మన మైదా పనికొస్తుందా? పోలిష్ పిండి పొట్లాల మీద 450, 500 అని ఉండే అంకెలేమిటి?

మైదా నిక్షేపంగా పనికొస్తుంది. ఆ అంకెలు పిండిని పూర్తిగా కాల్చితే మిగిలే బూడిదను సూచిస్తాయి: వంద గ్రాముల పిండికి సుమారు 450 మిల్లీగ్రాముల బూడిద మిగిలితే అది 450 రకం. అంకె తగ్గేకొద్దీ తవుడు తక్కువగా ఉన్న తెల్లని పిండి అన్నమాట. ఫవోర్కికి 450, పొంచ్కికి 450 నుంచి 550 వరకు ఏదైనా వాడుతారు. కంపెనీని బట్టి మైదా పీల్చే తడి మారుతుంది కనుక, పాలు గానీ క్రీము గానీ ఒక్కసారిగా పోయకుండా చివరి రెండు చెంచాలు చేతిలో ఉంచుకోండి.

పిండిలో సారా ఎందుకు? మా ఇంట్లో మద్యం వాడం.

పోలిష్ ఇళ్లలో స్పిరితుస్ అనే 95 శాతం ఆల్కహాలును ఒక చెంచా కలుపుతారు. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక, వేడి కొవ్వులో పడగానే ఆవిరై పిండిని బుడగలుగా లేపుతుందనీ, లోపలి నుంచి వచ్చే ఆ ఆవిరి వల్ల కొవ్వు లోపలికి పోవడం తగ్గుతుందనీ ఇక్కడివారు చెబుతారు. మద్యం వద్దనుకుంటే అంతే కొలతలో తెల్ల వెనిగర్ వేయండి. అది పిండి సాగుడును తగ్గించి కరకరను పెంచుతుంది. పోలండ్‌లోనే ఎంతోమంది వెనిగరుతో చేస్తారు కనుక ఇది మనం చేసుకున్న సర్దుబాటేమీ కాదు. నిమ్మరసంతో కూడా చేశాను, పెద్ద తేడా తెలియలేదు.

పంది కొవ్వులోనే వేయించాలా?

సంప్రదాయం ప్రకారం స్మాలెట్స్, అంటే కరిగించి వడకట్టిన పంది కొవ్వు. పైపొర పొడిగా, కరకరలాడుతూ రావడానికి అదే మేలని ఇక్కడి పెద్దలు పట్టుబడతారు. అయితే నేటి పోలిష్ ఇళ్లలో రేప్‌సీడ్ (ఆవజాతి గింజల) నూనెలోనూ, నెయ్యి వంటి కరిగించిన వెన్నలోనూ వేయించేవారు చాలామంది ఉన్నారు. మనకు రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె లేదా తవుడు నూనె సరిపోతుంది. నేను నూనెలో నాలుగో వంతు నెయ్యి కలుపుతాను. వాసన బాగుంటుంది, చల్లారాక పైన జిడ్డు తక్కువగా అనిపిస్తుంది. శాకాహారులు దుకాణంలో కొనేటప్పుడు మాత్రం ఏ కొవ్వులో వేయించారో అడిగి తీసుకోవాలి, ఎందుకంటే చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి.

గుడ్డు లేకుండా చేయవచ్చా?

చేయవచ్చు, కానీ అప్పుడు అది ఫవోర్కి కాదు. ఆ పిండికి రంగు, గుల్లదనం, కలిసి ఉండే గుణం అన్నీ పచ్చసొనల నుంచే వస్తాయి. పాలు, వెన్న, మైదాతో అదే ఆకారంలో చేస్తే మన మడత కాజా దారిలోకి వెళ్తుంది. అదీ రుచిగానే ఉంటుంది, పేరు మాత్రం అరువు తెచ్చుకోకపోతే మంచిది.

ష్మియెతానా దొరకడం లేదు. పెరుగు వేస్తే ఎలా ఉంటుంది?

ష్మియెతానా అంటే పులియబెట్టిన పాలమీగడ. ఫవోర్కికి 18 శాతం కొవ్వు ఉన్నది వాడుతారు. మామూలు పెరుగులో నీరెక్కువ, కొవ్వు తక్కువ. చిక్కటి పెరుగును గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, దానిలో అంతే కొలత తాజా మీగడ కలిపితే దగ్గరగా వస్తుంది.

## ఫవోర్కి పిండి

కచ్చితమైన కొలతలు చెప్పండి.

మైదా 250 గ్రాములు, పచ్చసొనలు 5, పుల్లని మీగడ 80 గ్రాములు, స్పిరిట్ లేదా వెనిగర్ ఒక పెద్ద చెంచా, ఉప్పు చిటికెడు. పిండిలో పంచదార వేయరు. వేస్తే లోపల వేగకముందే పైన నల్లబడుతుంది. తీపి అంతా చివర్లో చల్లే పొడి నుంచే వస్తుంది. కలిపిన ముద్ద పూరీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి. ఈ కొలతకు యాభై, అరవై ముక్కలు వస్తాయి, నలుగురున్న ఇంట్లో రెండు రోజులు నిలిస్తే గొప్ప.

పిండిని అప్పడాల కర్రతో బాదాలంటారు. నిజంగా అవసరమా?

అవసరమే, చాలామంది వదిలేసే మెట్టు కూడా ఇదే. కలిపిన ముద్దను బల్ల మీద పెట్టి, అప్పడాల కర్రతో చదునయ్యేదాకా కొట్టి, మడిచి, మళ్లీ కొట్టాలి. పది పదిహేను నిమిషాలు అలా చేస్తే, మడతల మధ్య చిక్కుకున్న గాలి, వేయించినప్పుడు పైన చిన్న చిన్న బొబ్బలుగా లేస్తుంది. ఆ బొబ్బలు లేని ఫవోర్కిని ఇక్కడి పెద్దావిడలు చేతిలోకి తీసుకోకుండానే పక్కన పెట్టేస్తారు.

మా పై అంతస్తు ఆవిడ కొట్టడం మొదలుపెడితే మా ఇంట్లో దీపం ఊగేది. నేను మొదటిసారి సున్నితంగా నాలుగు దెబ్బలు వేసి ఆపితే, ఆవిడ కర్ర లాక్కుని, పిండి మీద కోపం ఉన్నట్టు కొట్టాలని చేసి చూపించారు. అయిదు నిమిషాలకు పసుపు ముద్ద గరుకుతనం పోయి చెవితమ్మెలా మెత్తబడింది. కత్తితో అడ్డంగా కోస్తే లోపల సన్నని గాలి గదులు కనిపించాయి. ఆ గదులు కనిపించాక ఆపవచ్చు. కొట్టిన ముద్దను తడిగుడ్డ కప్పి అరగంట ఉంచితే ఒత్తేటప్పుడు వెనక్కి ముడుచుకోదు. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు కింది ఇంటివారికి ముందే చెప్పి, మర్నాడు పది ముక్కలు పంపించడం మర్యాద.

ఎంత పలచగా ఒత్తాలి?

ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. ఒత్తిన పిండిని బల్ల మీద నుంచి ఎత్తి చేతి మీద పరిస్తే వేళ్ల నీడ కనిపించాలి. మందంగా ఉంటే ముక్క మెత్తబడిన బిస్కెట్టులా వస్తుంది. పిండి అంతా ఒకేసారి కాకుండా నాలుగు భాగాలు చేసి, ఒకటి ఒత్తుతున్నప్పుడు మిగతావి గుడ్డ కింద ఉంచండి. పొడిపిండి వీలైనంత తక్కువగా చల్లండి; అంటుకున్న పిండి నూనెలో రాలి మాడి, తర్వాతి వాయిలన్నింటికీ చేదు పట్టిస్తుంది.

ఆ ముడి ఎలా వేస్తారు? నేను చేస్తే చిరిగిపోతోంది.

మూడు సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు సెంటీమీటర్ల పొడవుతో పట్టీలు కోయండి. ప్రతి పట్టీ నడుమ, పొడవు దిశలో నాలుగు సెంటీమీటర్ల గాటు పెట్టండి. ఒక కొసను ఆ గాటులోంచి దూర్చి అవతలికి మెల్లగా లాగితే పట్టీ దానంతటదే మెలితిరుగుతుంది. గాటు మరీ చిన్నదైనా, పిండి ఆరిపోయినా చిరుగుతుంది. కోసిన వెంటనే ముడి వేయండి. వేసినవాటి మీద పలుచని గుడ్డ కప్పండి.

కార్నివాల్ గులాబీలు అంటే మన గులాబీ పువ్వులేనా?

పేరు ఒకటే, పద్ధతి వేరు. మన గులాబీ పువ్వులకు జారుడు పిండీ, వేడి చేసిన ఇనుప అచ్చూ కావాలి. పోలిష్ గులాబీలకు అచ్చు ఉండదు: ఫవోర్కి పిండినే మూడు సైజుల బిళ్లలుగా కోసి, అంచుల్లో ఐదారు గాట్లు పెట్టి, పెద్దదాని మీద చిన్నది వచ్చేలా, నడుమ తెల్లసొన చుక్కతో అతికించి, వేలితో గట్టిగా నొక్కుతారు. చిన్న బిళ్ల కిందికి ఉండేలా నూనెలో వేస్తే రేకులు విచ్చుకుంటాయి. చివరికి మధ్యలో ఒక చెర్రీ గానీ చుక్క జామ్ గానీ పెడతారు.

## పొంచ్కి పిండి

పొంచ్కికి కొలతలు, చేసే క్రమం చెప్పండి.

మైదా 500 గ్రాములు, గోరువెచ్చని పాలు 250 మిల్లీలీటర్లు, తాజా ఈస్టు 25 గ్రాములు లేదా ఇన్‌స్టంట్ ఈస్టు 7 గ్రాములు, పచ్చసొనలు 6, పంచదార 70 గ్రాములు, కరిగించిన వెన్న 70 గ్రాములు, స్పిరిట్ ఒక పెద్ద చెంచా, ఒక నిమ్మకాయ తొక్క తురుము, ఉప్పు అర చెంచా. ఈస్టు, ఒక చెంచా పంచదార, కొంచెం పాలు, రెండు మూడు చెంచాల మైదా కలిపి ఇరవై నిమిషాలు ఉంచితే నురగలా లేస్తుంది. పచ్చసొనలను మిగతా పంచదారతో లేత రంగు వచ్చేదాకా గిలక్కొట్టి, వెన్న, స్పిరిట్ తప్ప అన్నీ కలిపి మర్దించండి. ఆ రెండింటినీ చివరన కొద్దికొద్దిగా చేర్చి, పిండి చేతిని వదిలేదాకా పది పదిహేను నిమిషాలు పిసకండి. రెట్టింపయ్యాక 55 గ్రాముల చొప్పున ఉండలు చేసి, పిండి చల్లిన గుడ్డ మీద మరో అరగంట నుంచి ముప్పావుగంట వరకు పొంగనివ్వండి. సుమారు పద్దెనిమిది వస్తాయి.

పిండి పొంగలేదు. ఎక్కడ తప్పు జరిగింది?

ఎక్కువసార్లు కారణం పాల వేడే. చిటికెన వేలు ముంచితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. యాభై డిగ్రీలు దాటితే ఈస్టు చచ్చిపోవడం మొదలవుతుంది. ఈస్టు మిశ్రమం ఇరవై నిమిషాలకు నురగ కట్టకపోతే అక్కడే ఆపి కొత్తది తీసుకోండి, గుడ్లూ వెన్నా దండగ చేసుకోవద్దు. పోలండ్ చలిలో గిన్నెను, దీపం మాత్రమే వెలిగించిన ఓవెన్‌లో పెడతాం. విజయవాడ వేసవిలోనైతే పిండి గంటలోపే రెట్టింపై, మరికాసేపు వదిలితే పులిసిన వాసన వస్తుంది. అక్కడ గడియారం కంటే గిన్నెను చూడటమే మేలు.

జామ్ ముందే పెట్టాలా, వేయించాక ఎక్కించాలా? ఏ జామ్ వాడాలి?

రెండు పద్ధతులూ ఉన్నాయి. ముందే పెట్టాలంటే జామ్ గట్టిగా ఉండాలి. పంచదార దాదాపు లేకుండా గంటల తరబడి ఉడికించిన పోవీద్వా అనే ప్లమ్ గుజ్జు దీనికి సరైనది. పల్చని జామ్ అయితే అతుకు ఊడి నూనెలోకి కారి, పెద్ద చప్పుడుతో చిందుతుంది. వేయించాక పొడవాటి మూతి ఉన్న క్రీము సంచితో ఎక్కించడం సులువు.

సంప్రదాయాన్ని పట్టించుకునేవారు గులాబీనే కోరుకుంటారు. గులాబీ రేకులను పంచదారతో, కాస్త నిమ్మరసంతో మట్టి గిన్నెలో నూరి ఆ జామ్ చేస్తారు. చదువుతుంటేనే మనకు గుల్కంద్ గుర్తొస్తుంది. నేను హైదరాబాదులో చేసినప్పుడు గుల్కంద్‌నే మెత్తగా నూరి, నిమ్మరసం ధారాళంగా కలిపి వాడాను. ఇక్కడి పులుపు, తీపి అచ్చంగా కుదిరాయి. సోంపు, యాలకులు కలిపిన పాన్ రకం గుల్కంద్ మాత్రం కొనవద్దు, తింటుంటే కిళ్లీ నమిలినట్టే ఉంటుంది.

## వేయించడం

నూనె ఎంత వేడిగా ఉండాలి? థర్మామీటర్ లేకపోతే?

ఫవోర్కికి 175 నుంచి 180 డిగ్రీలు, పొంచ్కికి 170 నుంచి 175. థర్మామీటర్ లేకుంటే గోలీకాయంత పిండి వేయండి: మునిగి, రెండు మూడు సెకన్లలో చుట్టూ బుడగలతో పైకి తేలితే సరిపోయింది. మునగకుండానే ఎర్రబడితే మంట తగ్గించాలి. ఇక్కడి వారు నూనెలో పచ్చి బంగాళదుంప చక్రం ఒకటి వేసి ఉంచుతారు. అది కొవ్వు త్వరగా మాడకుండా కాపాడుతుందని అంటారు. ఫవోర్కికి ఒక్కో వైపు పదిహేను, ఇరవై సెకన్లు చాలు. అవి బంగారు రంగు వచ్చాక తీద్దామనుకుంటే ఆలస్యమైనట్టే, ఎందుకంటే బయటికి తీశాక కూడా రంగు ముదురుతుంది. లేత గడ్డి రంగులో ఉన్నప్పుడే చిల్లుల గరిటెతో ఎత్తేయాలి.

పొంచ్కి నడుమ తెల్లని పట్టీ రావాలంటారు. ఎందుకు, ఎలా?

బాగా పొంగిన ఉండ తేలికగా ఉండి సగమే మునుగుతుంది; నడుమ భాగం నూనెకు తగలదు కనుక తెల్లగా మిగులుతుంది. అంటే ఆ పట్టీ అలంకారం కాదు, పిండి సరిగ్గా పొంగిందనడానికి గుర్తు. గుడ్డ మీద పైకి ఉన్న వైపును ముందుగా నూనెలోకి దించండి, మొదటి నిమిషం మూకుడు మీద మూత పెట్టండి, తర్వాత తిప్పి మూత లేకుండా వేయించండి. పద్దెనిమిదో శతాబ్దంలో పోలండ్ రాజు మూడవ అగస్టస్ కాలపు ఆచారాలను రాసిపెట్టిన ఒక పోలిష్ మతగురువు, వెనకటి పొంచ్కితో కొడితే కన్ను కమిలేదని, తన కాలంలో వచ్చినవి మాత్రం స్పాంజిలా ఉన్నాయని పోల్చారు. ఆ రెండో రకానికి గుర్తు ఈ పట్టీ.

పైన ఎర్రగా వేగింది, లోపల పచ్చిగా ఉంది.

నూనె వేడి ఎక్కువైంది, లేదా ఉండ పెద్దదైంది. నా మొదటి పొంచ్కి ఒక్కోటి తొంభై గ్రాములు తూగాయి. అతిథుల ముందు విరిస్తే లోపలి నుంచి పచ్చి పిండి జామ్‌తో కలిసి పళ్లెంలోకి జారింది. ఆ రోజు నుంచి తూకం వేయకుండా ఉండ చుట్టడం లేదు. ఉండ 55 గ్రాములకు మించకుండా, ఒక్కో వైపు రెండున్నర నిమిషాలు ఉంచండి.

ఎయిర్ ఫ్రయర్‌లో చేయవచ్చా?

పొంచ్కి పిండి అందులో తీపి బన్నుగా మారుతుంది, తినడానికి బాగానే ఉంటుంది. ఫవోర్కి మాత్రం గాలికి ఎండిన అప్పడాల్లా వస్తాయి. ఆ ప్రయత్నం వద్దు.

నూనె అంటుకుంటే ఏం చేయాలి?

పొయ్యి ఆపి, మూకుడు మీద సరిపోయే మూత బోర్లించి, చల్లారేదాకా తీయకండి. నీళ్లు చుక్క కూడా పోయకూడదు. వేయించడం మొదలుపెట్టే ముందే ఆ మూతను చేతికి అందే చోట పెట్టుకోండి.

## వేయించిన తర్వాత

పంచదార పొడి చల్లితే కరిగి బంకగా అవుతోంది.

ముక్కలు వేడిగా ఉండగా చల్లితే ఆవిరికి పొడి కరుగుతుంది. కాగితం మీద నూనె ఇంకి, చేతికి గోరువెచ్చగా కూడా తగలనప్పుడు, చిన్న జల్లెడతో చల్లండి. పొంచ్కికి మాత్రం దీనికి విరుద్ధం: 150 గ్రాముల పంచదార పొడిని రెండు మూడు చెంచాల వేడి నీటితో కలిపి, పొంచ్కి వెచ్చగా ఉన్నప్పుడే పూస్తే పూత పలచగా, అద్దంలా ఆరుతుంది. దాని మీద పంచదార పాకంలో నానిన నారింజ తొక్క ముక్కలు చల్లుతారు.

ఎన్ని రోజులు నిలవ ఉంటాయి? ముందు రోజే చేసి పెట్టుకోవచ్చా?

ఫవోర్కిని పంచదార చల్లకుండా, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే వారం రోజులు కరకరలాడుతాయి. విశాఖ వంటి ఉప్పుగాలి ఊళ్లలో మూడు నాలుగు రోజులే అనుకోండి. పొంచ్కి చేసిన రోజు తినాల్సినవే. అయినా ముందు రోజు పని తగ్గించుకోవాలంటే, కలిపిన పిండిని రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, ఉదయం గది వేడికి వచ్చాక ఉండలు చేసుకోవచ్చు. అలా నెమ్మదిగా పులిసిన పిండికి రుచి పెరుగుతుందే కానీ తగ్గదు.

ఇన్ని పచ్చసొనలు వాడాక తెల్లసొనలు ఏం చేయాలి?

ఇక్కడి ఇళ్లలో పంచదారతో గిలక్కొట్టి, సన్నని సెగ మీద ఓవెన్‌లో ఎండబెట్టి మెరింగులు చేస్తారు. నాకు ఆ ఓపిక ఉండదు. పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి, ఆ రాత్రి అన్నంలోకి పొరటు చేస్తాను.